ఫ్లోరైడ్ మచ్చలున్న పళ్ళకి 10 వెనీర్లు అంటున్నారు, స్క్రీన్ మీద చూపించిన నవ్వు నిజంగా వస్తుందా?

కనిగిరి_ఆడపడుచు

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. నాకు 34 ఏళ్ళు, గాజువాకలో ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. పుట్టి పెరిగింది అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర ఒక పల్లెలో, పెళ్ళయ్యాక వైజాగ్ వచ్చాను. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఆ సంగతి తెలిసినవాళ్ళకి నా పళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పై వరసలో ముందున్న నాలుగింటి మీద గోధుమరంగు మచ్చలు, మిగతా వాటి మీద సున్నం చారల్లా తెల్లటి గీతలు. నొప్పి లేదు, పిప్పి లేదు, చెరుకు గడ ఇప్పటికీ పంటితోనే చీలుస్తాను. కానీ నవ్వు వస్తే చాలు, చెయ్యి దానంతటదే నోటి మీదకి వెళ్ళిపోతుంది. మా పెళ్ళి ఆల్బమ్ మొత్తం తిరగేసినా నా పళ్ళు కనపడే ఫోటో ఒక్కటి లేదు. మొన్న రెండో క్లాసు పాప దగ్గరకొచ్చి "మేడమ్, మీరు బ్రష్ చేసుకోరా?" అని అడిగింది. పిల్ల తప్పేం లేదు, రోజూ రెండుసార్లు తోముకోమని చెప్పేది నేనే కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోయిన శనివారం సిరిపురం వైపు ఒక క్లినిక్‌కి వెళ్ళాను, పేరు అనవసరం. చిన్న టార్చిలైటు అంత ఉన్న స్కానర్ నోట్లో తిప్పుతుంటే పక్కన స్క్రీన్ మీద నా చిగుళ్ళూ పళ్ళూ ఒక్కొక్కటే మొలుచుకొచ్చినట్టు కనపడ్డాయి. తర్వాత ఫోటోలు తీశారు, మాట్లాడిస్తూ చిన్న వీడియో తీశారు, స్మైల్ డిజైన్ అని ఏదో సాఫ్ట్‌వేర్‌లో పెట్టి పది నిమిషాల్లో నా మొహానికే కొత్త నవ్వు పెట్టి చూపించారు. నిజంగా చెప్తున్నాను, ఏడుపొచ్చేసింది. చెయ్యి అడ్డం లేకుండా నవ్వుతున్న నన్ను నేను చూసుకోవడం అదే మొదటిసారి.

పైన 10 పళ్ళకి వెనీర్లు, అంటే పంటి ముందు వైపు అతికించే పలచటి పింగాణీ పెంకులు, వెయ్యాలన్నారు, ఒక్కోటి 14 వేలు, మొత్తం 1,40,000. నెలాఖరులోపు అడ్వాన్స్ కడితే కింది పళ్ళకి బ్లీచింగ్ ఫ్రీ అట. మా ఆయన డబ్బు సంగతి చూసుకుందాంలే అంటున్నారు. మా అత్తయ్యగారు మాత్రం "ఇనుములాంటి పళ్ళమ్మా, చేతులారా అరగదీయించుకుంటావా" అని బాధపడుతున్నారు. నాకు తెలియాల్సింది ఇదే. స్క్రీన్ మీద చూసింది చూసినట్టు వస్తుందా? ఎంత అరగదీస్తారు? దీనికి ముందు ప్రయత్నించాల్సిన వేరే దారి ఏమైనా ఉందా? ఇంకొకటి, మా పాపకి 5 ఏళ్ళు, ఇక్కడే పుట్టింది, తనకీ ఈ మచ్చలు వస్తాయేమోనని లోపల ఒకటే టెన్షన్.


బీచ్‌రోడ్_నడక

మేడమ్, అడ్వాన్స్ కట్టకండి, ముందు ఇది చదవండి.

మూడేళ్ళ క్రితం పెళ్ళికి ముందు నేనూ ఇలాగే స్క్రీన్ చూసి ఒప్పుకున్నాను, 8 వెనీర్లు. నా పళ్ళు ఆరోగ్యంగానే ఉండేవి, మధ్యలో కొంచెం సందు, కొంచెం పసుపు రంగు, అంతే. డిజైన్ నా ఫోన్‌కి పంపిస్తే ఇంట్లో అందరం చూసుకున్నాం, ఫోన్‌లో బాగుందని అన్నిటికంటే తెల్లటి రంగే ఎంచుకున్నాను. నోట్లో పెట్టాక చూస్తే ఆ తెలుపు వేరే, నా ఒంటి రంగు వేరే, కంటి తెల్లగుడ్డు కంటే పళ్ళే తెల్లగా ఉన్నాయి. అరగదీశాక రెండు పళ్ళు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేవి, అందులో ఒకటి ఆర్నెల్లకి రూట్ కెనాల్ దాకా వెళ్ళింది. చిగురు దగ్గర అంచు మందంగా వచ్చిందేమో, బ్రష్ పెడితే అక్కడ ఇప్పటికీ రక్తం వస్తుంది. పోయిన సంక్రాంతికి చేగోడీ కొరికితే ఒకదాని మూల ఊడింది, మార్పించడానికి మళ్ళీ డబ్బు.

వాళ్ళని తిట్టడానికి రాయడం లేదు. ఇప్పుడు నాకు తెలిసిన ఒక్క ప్రశ్న అప్పుడు అడిగి ఉంటే ఇదంతా తప్పేది. గీసి చూపించిన నవ్వుని నా పళ్ళు ముట్టుకోకముందే నా నోట్లో పెట్టి చూపిస్తారా? దాన్ని మాకప్ అంటారట, ట్రయల్ లాంటిది. నాకు ఎవరూ పెట్టలేదు, అడగాలని నాకు తెలియలేదు. ఒకసారి అరగదీసిన ఎనామిల్, అదే పంటి పైనుండే గట్టి పొర, మళ్ళీ పెరగదు మేడమ్, జుట్టూ గోరూ లాంటిది కాదు. ఇవాళ వెనీర్లు వేయించుకుంటే పది పదిహేనేళ్ళకి ఒకసారి మార్చుకుంటూ జీవితాంతం వాటితోనే ఉండాలి.


పింగాణీ_పనివాడు

నేను డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్‌ని, వైజాగ్‌లోనే, 11 ఏళ్ళుగా సిరామిక్ పని. డాక్టర్లు చెప్పేది డాక్టర్లు చెప్తారు, ఆ పళ్ళు తయారయ్యే బల్ల దగ్గర నుంచి నేను చెప్తాను.

స్క్రీన్ మీద మీరు చూసింది మీ ఫోటో మీద అతికించిన ఇంకో బొమ్మ. సాఫ్ట్‌వేర్‌లో పళ్ళ లైబ్రరీ ఉంటుంది, గుండ్రంగా ఉండేవి, పలకగా ఉండేవి, మూల తిరిగినవి, వాటిలోంచి ఒక సెట్ తీసి మీ పెదాల మధ్య కూర్చోబెడతారు. ఇప్పుడు ఏఐ వచ్చాక ఆ కూర్చోబెట్టడం ఇంకా తొందరగా అయిపోతోంది. ఆ బొమ్మకి కింద ఉన్న గోధుమరంగు మచ్చతో పనిలేదు, కప్పేస్తుంది. నా పింగాణీ అలా కప్పలేదు, అసలు చిక్కు అక్కడే ఉంది, కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మంచి వెనీర్ అంటే పలచగా ఉండాలి, అర మిల్లీమీటరు అటూ ఇటూ. వెలుతురు అందులోంచి లోపలికి వెళ్ళి కింది పంటిని తాకి తిరిగి వస్తేనే అది పన్నులా కనపడుతుంది. అంటే కింద ఏ రంగు ఉంటే ఆ రంగు కొంత పైకి తేలుతుంది. మీ ముందు పళ్ళ మీద గోధుమ మచ్చ అలాగే ఉంచి పైన పలచటి వెనీర్ పెడితే లోపల నీడలా కనపడుతుంది. కనపడకూడదంటే మాకు రెండే దారులు. వెలుతురు దూరనివ్వని పింగాణీ వాడాలి, అప్పుడు పన్ను గోడకి సున్నం కొట్టినట్టు చచ్చుగా ఉంటుంది. లేదా వెనీర్ మందం పెంచాలి, ఆ మందానికి చోటు కావాలంటే మీ పన్ను ఇంకా అరగదీయాలి. అందుకే మచ్చని ముందు వీలైనంత తగ్గించుకుని రమ్మంటాను. కింద శుభ్రంగా ఉంటే పైన నేను పలచగా చెయ్యగలను, కొన్నిసార్లు అసలు చెయ్యాల్సిన అవసరమే రాదు.

టెక్నాలజీ మీద నాకు కోపమేం లేదు, అదే నాకు అన్నం పెడుతోంది. నేను పనిలోకి వచ్చిన కొత్తలో అచ్చు తీసిన ముద్ద సంచిలో వచ్చేది, ప్లాస్టర్ పోసి, మైనంతో పన్ను చెక్కేవాళ్ళం, అచ్చు ఎండలో కొంచెం వంకర పోయినా పన్ను అతకదు. ఇప్పుడు స్కాన్ ఫైల్ మెయిల్‌లో వస్తుంది, అంచు ఎంత దూరం ఉందో మైక్రాన్లలో చూసుకుంటాను. లిథియం డైసిలికేట్ అనే గట్టి పింగాణీ దిమ్మని మిల్లింగ్ మెషీన్‌లో పెడితే నీళ్ళు చిమ్ముకుంటూ చెక్కేస్తుంది. ఆ దిమ్మ అప్పుడు నేరేడు రంగుకి దగ్గరగా ఉంటుంది, చూస్తే ఇది పన్ను అవుతుందని ఎవరూ అనుకోరు. సుమారు 840 డిగ్రీల ఫర్నేస్‌లో పెట్టి తీశాక ఆ ఊదా రంగు పోయి పంటి రంగు బయటపడుతుంది. ఇన్నేళ్ళయినా ఆ తలుపు తెరిచినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది.

ఈ డిజిటల్ స్మైల్ డిజైన్ అనే పద్ధతికి పేరు తెచ్చిన బ్రెజిల్ ఆయన క్రిస్టియన్ కోచ్‌మన్ డెంటల్ టెక్నీషియన్ చదువూ డాక్టర్ చదువూ రెండూ చదివినవాడు. మొదట్లో పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు, యాపిల్ కీనోట్ స్లైడ్ల మీద పేషెంట్ ఫోటో పెట్టి గీతలు గీసేవాడు, కళ్ళ మధ్య గీత, ముక్కు మీదుగా నిలువు గీత, కింది పెదవి వంపు. డాక్టరూ టెక్నీషియనూ పేషెంటూ ముగ్గురూ ఒకే బొమ్మ చూస్తూ మాట్లాడుకోవడానికి మొదలైన పని అది. ఇప్పుడు చాలాచోట్ల పేషెంట్‌కి చూపించి ఒప్పించడంతోనే ఆగిపోతోంది, అది నాకు బాధ.

ఇంకో చిన్న మాట. రంగు ఎప్పుడు చూశారో గుర్తు తెచ్చుకోండి. వీటా షేడ్ గైడ్ అని 16 రంగుల పళ్ళ పట్టీ ఉంటుంది, దాన్ని పళ్ళ పక్కన పెట్టి చూడటం అన్నిటికంటే ముందు జరగాలి. నోరు తెరిచి పావుగంట కూర్చుంటే పళ్ళు తడి ఆరి తెల్లబడతాయి, అప్పుడు ఫోటో తీస్తే మాకు తప్పు రంగు వస్తుంది. మీలాంటి ఫ్లోరైడ్ పళ్ళకైతే తెల్ల గీతలు కూడా తడి ఆరితే రెట్టింపు కొట్టొచ్చినట్టు కనపడతాయి, 'చూడండి ఎంత ఘోరంగా ఉన్నాయో' అని ఆ ఫోటోనే చూపిస్తారు.


ఎన్ఏడీ_వైపు

అందరూ భయపెట్టేస్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా రాస్తాను. నాలుగేళ్ళ క్రితం ఎన్ఏడీ దగ్గర బండి మీద నుంచి పడి పై ముందు పళ్ళు రెండు సగానికి విరిగాయి. నాకు నోట్లో ఏది పెట్టినా వాంతి వస్తుంది, చిన్నప్పుడు ఒకసారి ముద్ద పెట్టి అచ్చు తీస్తే డాక్టర్ గారి చొక్కా మీదే కక్కేశాను. ఈసారి స్కానర్‌తో రెండు నిమిషాల్లో అయిపోయింది, మధ్యలో ఆపి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. నా పాత ఆధార్ ఫోటో, కాలేజీ ఫోటోలు తెమ్మని వాటిని చూసి నా పళ్ళు ఎలా ఉండేవో అలాగే గీశారు, ఎడమ పన్ను కొంచెం కుడిదాని మీదకి ఎక్కి ఉండేది, దాన్ని కూడా అలాగే ఉంచారు. మా అమ్మ చూసి ముందు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నీ పళ్ళే" అంది. డాక్టర్‌ని బట్టి ఉంటుంది, మెషీన్‌ని బట్టి కాదు.


డెంటిస్ట్_ఎంవీపీ

ఎండీఎస్ చేసి ఎంవీపీ కాలనీలో ప్రాక్టీస్ చేస్తున్నాను. పళ్ళు చూడకుండా ట్రీట్‌మెంట్ చెప్పకూడదు, అందుకే మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా ఏం అడగాలో అంతవరకు చెప్తాను.

ముందు మీ పాప సంగతి. ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ మచ్చలు, వంశపారంపర్యం కాదమ్మా. చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో, ముందు పళ్ళకైతే సుమారు 8 ఏళ్ళలోపు, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగితే వస్తుంది. తాగే నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మీ వైపు ఈ జబ్బు కొత్తదీ కాదు, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారు, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. పాప తాగే నీళ్ళు బోరువైతే ఒకసారి టెస్ట్ చేయించండి, పేస్ట్ బఠాణీ గింజంతే పెట్టండి, మింగకుండా ఉమ్మేలా చూడండి. మీ పళ్ళని చూసి తన పళ్ళ గురించి భయపడాల్సిన పని లేదు. మీరు బ్రష్ చేసుకోకపోవడం వల్ల వచ్చిన మచ్చలూ కావు అవి. బ్రష్ సంగతి అడిగిన ఆ రెండో క్లాసు పాప ఈసారి కనపడితే చిన్నప్పుడు మా ఊరి నీళ్ళు అలాంటివి అని చెప్పండి, పిల్లలకి అర్థమవుతుంది.

ఇక మీ పళ్ళు. నొప్పీ పిప్పీ లేని 34 ఏళ్ళ పళ్ళకి మొదటి రోజే 10 వెనీర్లు అనడం నాకు నచ్చలేదు. తక్కువ కోత ఉన్న పని నుంచి ఎక్కువ కోత ఉన్న పనికి వెళ్ళాలి, వెనక్కి రాలేని పని ఎప్పుడూ ఆఖరున. ముందు క్లీనింగ్, చిగుళ్ళు కుదుటపడాలి. తర్వాత మైక్రో అబ్రేషన్ ఉంటుంది, పలచటి ఆసిడ్, గరుకు పొడి కలిసిన పేస్ట్‌తో పై పొరని రుద్దుతారు, పోయేది ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు, గోధుమ మచ్చ పైపైన ఉన్నదైతే దానితోనే చాలావరకు పోతుంది. ఆ తర్వాత బ్లీచింగ్, అంటే పళ్ళని తెల్లబరచడం, ఇంటి దగ్గర రాత్రి పూట పళ్ళకి పెట్టుకునే ట్రే, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్, 1989 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. మొదటి వారం తెల్ల గీతలు ముందుకంటే ఎక్కువ కనపడితే కంగారుపడకండి, చుట్టూ ఉన్న పన్ను కూడా తెల్లబడేకొద్దీ తేడా తగ్గుతుంది. అప్పటికీ గీతలు మిగిలితే రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది, అంటే పలచటి ప్లాస్టిక్ ద్రవాన్ని పంటిలోకి ఇంకించడం. తెల్ల గీత అంటే లోపల సన్నటి రంధ్రాలు, వాటిలో గాలి, నీరు ఉండటం వల్ల వెలుతురు చెదిరి తెల్లగా కనపడుతుంది. ఆ రంధ్రాల్లోకి నీళ్ళలాంటి రెజిన్ ఇంకిపోతే వెలుతురు చెదరడం తగ్గి గీత పక్క పంటి రంగులో కలిసిపోతుంది. చూస్తుండగానే కలిసిపోతుంది, పేషెంట్లు అద్దం అడిగి మరీ చూస్తారు. అన్ని మచ్చలూ పోతాయని మాట ఇవ్వలేం, లోతుని బట్టి ఉంటుంది. బ్లీచింగ్ అయ్యాక కనీసం రెండు వారాలు ఆగి రంగు నిలకడగా ఉందో లేదో చూసి, అప్పుడు వెనీర్ కావాలా వద్దా, ఎన్ని కావాలి అని లెక్క వెయ్యాలి. వెనీర్ వేశాక బ్లీచింగ్ చేస్తే పింగాణీ రంగు మారదు, అందుకే ఈ వరస.

వెనీర్‌కి సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు తీస్తారు. చిగురు దగ్గర ఎనామిల్ అసలే పలచన, అక్కడ కొంచెం ఎక్కువ తీస్తే ఎనామిల్ కింద ఉండే మెత్తటి పొర, డెంటిన్, బయటపడుతుంది. జివ్వుమనడం అక్కడి నుంచే, అతుకు బలహీనపడటమూ అక్కడి నుంచే. 1955లో బ్యూనోకోర్ అనే ఆయన ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో ఎనామిల్‌ని గరుకు చేస్తే ప్లాస్టిక్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు, మా అతికించే పనంతా దాని మీదే నిలబడింది. అది ఎనామిల్ ఉన్నచోటే బాగా పట్టుకుంటుంది. మీ అత్తయ్యగారు చెప్పిన దాంట్లో నిజం ఉంది.

మాకప్ గురించి పైన బీచ్‌రోడ్_నడక గారు చెప్పింది తప్పకుండా అడగండి. డిజైన్‌ని త్రీడీ ప్రింట్ తీసి, దాని మీద పుట్టీతో అచ్చు తీసి, అందులో పంటి రంగు మెటీరియల్ నింపి మీ పళ్ళ మీద నొక్కితే నిమిషాల్లో గట్టిపడుతుంది. కోత లేదు, ఇంజెక్షన్ లేదు, తర్వాత ఊడదీసేయొచ్చు. ఒక్క మాట, ఇది పళ్ళని పెద్దవి చేసి చూపిస్తుంది, తగ్గించి చూపించలేదు. అది పెట్టుకుని మాట్లాడండి. నేనైతే పేషెంట్‌ని 'విశాఖ' అనమంటాను, పది సార్లు. 'వి' అనేటప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవి తడి మొదలయ్యే గీతకి మెత్తగా తగలాలి, గుచ్చుకుంటే పళ్ళు పొడుగైనట్టు. 'శా' అనేటప్పుడు గాలి ఈల వేస్తే లోపలి వైపు మందమైనట్టు. కదలని ఫోటో మీద ఈ రెండూ తెలియవు. మీరు టీచర్, రోజంతా మాట్లాడతారు, మీకు ఇది నవ్వు కంటే ముఖ్యం.

డాక్టర్‌కి స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూసుకోండి. ఖర్చు తగ్గాలంటే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉన్నాయి, పీజీ స్టూడెంట్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, టైమ్ ఎక్కువ పడుతుంది. నెలాఖరు ఆఫర్ సంగతి వదిలేయండి, ఆ మచ్చలతో 26 ఏళ్ళకి పైగా ఉన్నారు, ఇంకో రెండు నెలలు ఆగితే పోయేదేం లేదు.


కనిగిరి_ఆడపడుచు

రెండు నెలలు దాటింది, అందరికీ బాకీ ఉన్నాను, అందుకే వచ్చి రాస్తున్నాను. ఆ క్లినిక్‌కి మళ్ళీ వెళ్ళి ముందు మాకప్ పెడతారా అని అడిగాను, అడ్వాన్స్ కట్టాక పెడతాం అన్నారు, నమస్కారం పెట్టి వచ్చేశాను. వేరే డాక్టర్ గారి దగ్గర మైక్రో అబ్రేషన్ రెండు సిట్టింగులు అయ్యాయి. దంతాల మీద రబ్బరు షీటు కట్టి రుద్దారు, పుల్లటి వాసన, నొప్పి అయితే లేదు. గోధుమ మచ్చలు పక్క పళ్ళ మీదవి దాదాపు పోయాయి, మధ్య రెండింటి మీద పలచటి తేనె రంగులోకి వచ్చాయి. తర్వాత మూడు వారాలు రాత్రి ట్రే. మొదటి వారం మీరు చెప్పినట్టే తెల్ల గీతలు బాగా కనపడి భయమేసింది, ఇక్కడ చదివి ఉండకపోతే మానేసేదాన్నే.

పోయిన గురువారం మధ్య నాలుగింటికి మాకప్ పెట్టారు. కుర్చీలోంచి లేచి వెళ్ళి అద్దం ముందు నిలబడి విశాఖ, విశాఖ అని అంటుంటే రిసెప్షన్ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. చెయ్యి కిందే ఉంది, ఆ సంగతి నాకు ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. కొంచెం పొడుగు అనిపించి సగం మిల్లీమీటరు తగ్గించమన్నాను, అక్కడికక్కడే తగ్గించారు. సాయంత్రం దాకా ఉంచుకుని మా అత్తయ్యగారికి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, పక్క రెండూ నీవే బాగున్నాయి, వాటిని వదిలెయ్ అన్నారు. డాక్టర్ గారూ అదే అన్నారు. మధ్య రెండింటి మీద చిన్న గుంటలు ఉన్నాయి కాబట్టి ఆ రెండింటికే పలచటి వెనీర్లు అనుకుంటున్నాం, పదికి కాదు.


పింగాణీ_పనివాడు

చాలా సంతోషం అమ్మా. రెండే అంటే మాకు ఎక్కువ కష్టం, పక్క పళ్ళతో కలవాలి కదా, పది అయితే అన్నీ ఒకేలా చేసి ఇచ్చేస్తాం. మీ పని ఏ ల్యాబ్‌కి వెళ్తుందో నాకు తెలియదు, ఎవరికి వెళ్ళినా ఈ ఒక్కటి మీ డాక్టర్ గారితో పంపించండి. పొద్దున్నే, లైట్లు వేయకుండా, కిటికీ దగ్గర నిలబడి, పెదాలు తడి చేసుకుని తీసిన ఫోటో. లిప్‌స్టిక్ వద్దు, ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపెయ్యండి. ఒకటి నవ్వుతూ, ఒకటి మాట్లాడుతూ. మీ మిగతా పళ్ళ మీద పలచగా మిగిలిన తెల్ల గీతలు అందులో కనపడితే, కొత్త రెండింటి మీద కూడా ఒకటి రెండు గీతలు చాలా సన్నగా వేయమని చెప్పండి. అప్పుడే అవి మీ పళ్ళలో కలిసిపోతాయి.


కనిగిరి_ఆడపడుచు

గీతలు కూడా వేస్తారా! మావే వేయమంటాను అండి. రేపు స్కూల్ బస్సు వచ్చేలోపు వంటింటి కిటికీ దగ్గర మా పాప చేత తీయిస్తాను.